అయిదో నట్టు మీద వదిలేసిన స్పానర్

వైమానిక దళంలో మెకానిక్ పనికి ఎంపికైన మా వైపు కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ప్రమోషన్ ఎన్నేళ్ళకొస్తుంది, క్వార్టర్లు ఎట్లా ఉంటాయి అని అడుగుతారు. నా దగ్గరున్న జవాబులు పాతబడిపోయాయి. నాకు గట్టిగా తెలిసిందల్లా ఒక నట్టు సంగతి. అదైనా కుదురుగా కూర్చుని చెప్పలేను. మధ్యలో లేచి గ్యాసు కట్టేశానా, గేటు గడియ పడిందా అని చూసి వస్తాను. ఈ పేరా రాసేలోపే రెండుసార్లు లేచాను. "ఆ గేటు ఎక్కడికీ పోదండీ, ఇవాళ ఏడుసార్లు చూశారు" అంటుంది మా ఆవిడ. ఎనిమిదోసారి చూస్తేగాని నాకు నిద్ర పట్టదు. ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో రాస్తున్నా.

మా దళం పేరు, స్టేషన్ పేరు రాయను. పాత అలవాటు, ఇప్పుడు పోదు.

మిల్లు చదువు

పుట్టింది పెనుగంచిప్రోలు. అమ్మ మిరపకోతలకు వెళ్ళేది. మిషన్ స్కూల్లో ఎస్సెల్సీ దాకా చదివి, యాభైల చివర్లో జగ్గయ్యపేటలో పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేరాను. మాకు హెడ్ ఫిట్టరు రత్నం మేస్త్రి. పనిలో దిట్ట, నోరు మాత్రం మంచిది కాదు. నన్ను పేరు పెట్టి పిలిచిన రోజు ఒక్కటీ గుర్తులేదు. "ఏరా సువార్తా" అనేవాడు. నా పేరు దేవసహాయం.

జిన్ను ఆడుతుంటే పక్కవాడి మాట వినపడదు. గాల్లో దూది ఎగురుతుంటే పక్కవాడి మొహమూ సరిగ్గా కనపడదు. అందుకని మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పని సగంలో వదిలి వెళ్ళాల్సొస్తే స్పానర్‌ని ఆ నట్టు మీదే తగిలించి పోవాలి. తర్వాత వచ్చినవాడు దాన్ని చూసి, పని ఇక్కడిదాకా అయింది, ఇక్కణ్ణుంచి నేను మొదలుపెట్టాలి అని తెలుసుకుంటాడు. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. నేను చేరిన కొత్తలో ఒకసారి స్పానర్ తీసుకుని టీకి పోతే, మేస్త్రి ఆ టీ గ్లాసు నా చేతిలోంచి లాక్కుని పారబోశాడు. "నట్టు కాడ పెట్టి పోవాలని ఎన్నిసార్లు చెప్పాల్రా?" అన్నాడు. అంతే, ఆ పద్ధతి నా చేతికి పట్టేసింది. నాలుగేళ్ళు అట్లాగే చేశాను. అది మంచి పద్ధతే, జిన్నింగ్ మిల్లుకి.

నల్లబోర్డు మీద అయిదు విమానాలు

అరవైల మొదట్లో దళంలో చేరాను. రష్యా ఫైటర్లు మన దేశానికి కొత్తగా వస్తున్న రోజులవి. త్రికోణం రెక్కలు, సూదిముక్కు, ఒకటే సీటు. అందరూ పేరు విన్నదే, మిగ్. వాటి పని నేర్పడానికి ఒక రష్యా పెద్దమనిషి వచ్చాడు. పేరు నోరు తిరక్క మేమంతా తాతగారు అనేవాళ్ళం. ఆయన రష్యన్‌లో చెప్పేవాడు, పక్కన ఒకాయన ఇంగ్లీషులోకి తిప్పేవాడు. నా పక్కన కూర్చున్న బాషా దాన్ని నాకు తెలుగులోకి తిప్పేవాడు.

బాషాది నందిగామ. వాళ్ళ నాన్న జట్కా తోలేవాడు. నాకంటే ఇంగ్లీషు బాగా వచ్చు, చెయ్యి నాకంటే నెమ్మది. జగ్గయ్యపేట వాడు, నందిగామ వాడు అంత దూరంలో ఒకే బెంచీ మీద పడితే ఇంకేముంది, అన్నం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం.

మొదటిరోజు తాతగారు పుస్తకం తెరవలేదు. బోర్డు మీద వరసగా అయిదు విమానాలు గీశాడు. మొదటిది చిన్నది, వాళ్ళ క్లబ్బుల్లో కుర్రకారు సరదాకీ పందేలకీ నడిపే ఒంటి సీటు విమానం. కొయ్య రెక్కలు, లారీకుండేంత బలమున్న ఇంజను. కుర్రతనంలో తాను నడిపింది అదేనట. రెండోది రెండో ప్రపంచయుద్ధంలో వాడిన ఫైటరు. ఈ చిన్నదాన్ని చేసిన చేతులే దాన్నీ చేశాయి. అల్యూమినియం కరువైతే బిర్చి అనే చెట్టు చెక్కను జిగురుతో అతికించి రెక్కలు చేశారట. వడ్రంగులు ఫైటర్లు చేశారంటే మాకు నమ్మబుద్ధి కాలేదు. మా వైపు వడ్రంగులు బళ్ళు చేస్తారు, తలుపులు చేస్తారు.

మూడోదాన్ని చూసి అందరం నవ్వాం. జెట్ ఇంజను కొత్తగా వచ్చినప్పుడు, దానికి వేరే విమానం చేసే తీరిక లేక, పాత ఫైటరు ముక్కులోంచి పంకా ఇంజను పీకి జెట్‌ని అక్కడే కూర్చోబెట్టారు. మంట పొట్టకింద నుంచి పోయేది. వెనక రబ్బరు చక్రం కాలిపోతుందని ఇనప చక్రం వేశారు. తాతగారు కూడా మాతోపాటు నవ్వి, అది ఎగిరిందయ్యా, అదే మాకు కావాల్సింది అన్నాడు. నాలుగోదానికి రెక్కలు వెనక్కి వాలి ఉన్నాయి. అయిదోది మా చేతికి వచ్చిన త్రికోణం.

అప్పుడు మళ్ళీ మొదటి బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఇప్పటికీ మా దేశంలో ఆటల విమానాలు చేస్తున్నారు, ఇద్దరు కూర్చుని నేర్చుకునే విమానంలో ఒక సీటు తీసేసి పల్టీల పందేలకి పంపుతున్నారు అన్నాడు. బాషా చెయ్యెత్తి, "రెండో సీటు తీసేస్తే లాభం ఏంటండీ?" అని అడిగాడు.

బరువు తగ్గుతుంది అన్నాడు తాతగారు. కాసేపు ఆగి, నష్టం కూడా ఉంది, రెండో సీటులో గురువు ఉంటే పొరపాటు జరిగినప్పుడు పట్టుకునే మనిషి ఇంకొకడు ఉన్నట్టు, ఒంటి సీటులో ఆ మనిషి లేడు, అతనికి దక్కేది నేల మీద మీరు చేసి పంపిన పనే అన్నాడు. బాషా దాన్ని తెలుగులో చెప్పి, "విన్నావా దేవా, మనం ఎక్కకపోయినా ఎక్కినట్టేనంట" అన్నాడు.

ఉన్నమాట

ఆ విమానం గురించి ఇన్నాళ్ళకు నిజాయితీగా చెప్పాలంటే, దాని పనితనం నాకు నచ్చింది. మంచులో, చేతి తొడుగులతో పనిచేసేవాళ్ళ కోసం చేసిన వస్తువు అది, మొరటుగా గట్టిగా ఉంటుంది. ఆడంబరం లేదు. కానీ చెయ్యి దూర్చే కంతలు మాత్రం సన్నవి. చేసినవాడికి మెకానిక్ మీద ఏదో కోపం ఉండి ఉండాలి అనుకునేవాణ్ణి. మోచేతుల మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

పనిముట్ల దగ్గర మాత్రం మా దళంలో పట్టింపు ఎక్కువ. గోడకి ఒక్కొక్కరిదీ ఒక చెక్క పలక. దానిమీద ఒక్కో స్పానరుదీ ఒక్కో స్క్రూడ్రైవరుదీ ఆకారం ఎర్ర రంగుతో గీసి ఉండేది. పని కాగానే ఎవడి పలక మీద వాడి పనిముట్లు పెట్టాలి. ఏ బొమ్మ అయినా ఖాళీగా కనపడిందంటే, ఆ వస్తువు దొరికేదాకా విమానం కదలదు. ఆ రోజు లెక్క చూసినవాడు కింద సంతకం పెడతాడు. మిల్లులో స్పానర్ నట్టు మీద ఉండాలి, ఇక్కడ పలక మీద ఉండాలి. ఇంత చిన్న తేడా నాకు తెలియదా అంటే తెలుసు. తలకి తెలుసు, చేతికే ఇంకా తెలియలేదు.

సెలవు

వానలకు ముందు జగ్గయ్యపేటలో మా ఇల్లు కప్పించాలి. నెల నుంచి సెలవు అడుగుతున్నా. ఒక గురువారం మధ్యాహ్నం పనిలో ఉండగా సెలవు మంజూరైందని కబురొచ్చింది. రైల్వే స్టేషనుకి పోయే లారీ ఇంకో పావుగంటలో బయల్దేరుతుందన్నారు.

నేనప్పుడు విమానం వీపు మీద ఉన్నాను. అక్కడ పొడుగాటి డొప్ప కింద నుంచి తోకని కదిపే కడ్డీ పోతుంది. పైలట్ చేతిలో కర్రని లాగితే ఈ కడ్డీ జరిగి తోక కదులుతుంది. దాన్ని పట్టి ఉంచే బిగింపుకి అయిదు నట్లు. నాలుగు బిగించాను. అయిదోదాని మీద పది నంబరు స్పానర్ పెట్టి ఒక తిప్పు తిప్పాను. లారీ హారన్ వినపడింది. స్పానర్ అక్కడే వదిలి దిగిపోయాను.

మర్చిపోయి వదల్లేదు. తర్వాతివాడు వచ్చి చూసి బిగిస్తాడులే అని నా చెయ్యి నా ప్రమేయం లేకుండా చేసేసింది.

లారీ ఎక్కాక బాషా పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు పలక లెక్క అతనిది.

"నీ పది నంబరు కనపడ్లా! నీ సంచిలో చూసుకో. నా సొంతది పెట్టేసి లెక్క నింపేశాలే, నువ్వు పో, బండి తప్పుద్ది" అన్నాడు.

నేను చెయ్యి ఊపాను. నా రైలు తప్పకూడదని చేశాడు, ఇంకే కారణమూ లేదు. రైల్లో సంచి రెండుసార్లు వెతికాను. స్పానర్ లేదు. ఎక్కడో బెంచీ కింద పడి ఉంటుందిలే అనుకుని నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నందిగామ

మర్నాడు బెజవాడలో దిగి జగ్గయ్యపేట బస్సెక్కాను. నందిగామలో బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఎవరో మెకానిక్కుని పిలుచుకొచ్చాడు. అతను బానెట్ ఎత్తి కాసేపు కుస్తీ పట్టి, "టీ తాగొస్తానండీ" అని స్పానర్‌ని నట్టు మీదే వదిలేసి పోయాడు.

అది నట్టు మీద వేలాడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ముందు అలవాటైన దృశ్యమే కదా అనిపించింది. తర్వాత నా పది నంబరు ఎక్కడుందో తెలిసింది. పలక నిండుగా ఉంటే ఎవరూ వెతకరు, అప్పటికి డొప్ప మూసేసి ఉంటారు. విమానం శనివారం పొద్దున ఎనిమిదింటికి లేస్తుంది. పైకి లేచి పల్టీ కొడితే స్పానర్ ఊడి కడ్డీకి అడ్డం పడుతుంది. పైలట్ కర్ర లాగినా తోక కదలదు. లోపల ఇంకో సీటు లేదు.

తపాలాఫీసుకి పరుగెత్తాను. కౌంటరు వెనక కళ్ళద్దాల పెద్దాయన. ట్రంకు కాల్ అన్నాను. "అంత దూరమా? బుక్ చేస్తే రేపటిక్కూడా దొరుకుద్దో లేదో" అన్నాడు. టెలిగ్రాం కాగితం తీసుకున్నాను.

చెయ్యి ఆగింది అక్కడే. వెనక డొప్ప విప్పండి, స్పానర్ ఉంది అని రాస్తే చాలదు. మా ఆఫీసరు ముందు పలక చూస్తాడు. పలక నిండుగా ఉంది, కింద సంతకం ఉంది. సెలవు మీద పోయినవాడికి ఏదో భ్రమ అనుకుంటాడు. లెక్క అబద్ధం అని రాస్తేనే విమానం ఆగుతుంది. రాస్తే బాషా ఉద్యోగం పోతుంది. బాషా పేరు లేకుండా ఎట్లా రాయాలా అని మూడు కాగితాలు చింపాను. చివరికి పేరు లేకుండానే రాశాను, విమానం ఎగరనివ్వద్దు, వీపు డొప్ప కింద నా స్పానర్ ఉంది, పలక లెక్క అబద్ధం అని. పేరు రాయలేదు గదా అని నన్ను నేను మభ్యపెట్టుకోను. సంతకం అతనిదేనని అక్కడ అందరికీ తెలుసు.

పెద్దాయన చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఏంటయ్యా ఇది? విమానం అంటావు, అబద్ధం అంటావు. ఇది పంపితే రేపు పోలీసులు నా దగ్గరకొస్తారు."

గుర్తింపు కార్డు చూపించాను. జరిగింది చెప్పాను. విని అడిగాడు, "ఇది పంపితే నీ ఉద్యోగం ఉంటదా?"

"తెలీదండి."

"పంపకపోతే?"

"ఉంటదండి."

పెద్దాయన కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాడు. అర్జెంటు కింద పంపాను, జవాబు నందిగామ తపాలాఫీసుకే ఇవ్వమని రాశాను.

మస్తాన్ మామ

బయటికొచ్చి ఆఫీసు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాను. జట్కా స్టాండు ఎదురుగానే. ఒకాయన బండి దిగి నా మొహంలోకి చూశాడు.

"దేవసహాయం కదూ? మావోడి ఫోటోలో పక్కన నిలబడ్డావు. మా బాషా ఎట్టున్నాడయ్యా?"

బాషా నాన్న, మస్తాన్ మామ. బస్సు పోయిందంటే, ఇంటికి రమ్మని వదల్లేదు. వద్దంటే కోపమొచ్చింది. వాళ్ళింట్లోనే ఆగాను. బాషా వాళ్ళమ్మ గోంగూర మాంసం వండింది. కొడుకు వచ్చినట్టే దగ్గర కూర్చుని వడ్డించింది. ఆ తల్లి కొడుకుని నేను రెండు గంటల కిందటే ఉద్యోగంలోంచి తీసేయించే కాగితం పంపి వచ్చాను. ముద్ద దిగలేదు.

"సరిగ్గా తినట్లేదేంటి? కారమెక్కువైందా?" అన్నాడు మామ.

"లేదు మామా, రైలు బడలిక" అన్నాను.

చెప్పాల్సింది. నా నోటితో చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. భయపడ్డాను. ఈ పనిలో నేను చేసిన రెండు తప్పుల్లో ఇది రెండోది, ఇదే పెద్దది.

శనివారం తపాలాఫీసు తలుపులు తెరవకముందే మెట్ల మీద ఉన్నాను. ఎనిమిదయింది. తొమ్మిదయింది. విమానం లేచిందో లేదో తెలియదు. కూర్చోలేను, నిలబడలేను, బస్టాండు దాకా నడిచి మళ్ళీ వచ్చేవాణ్ణి. ప్రార్థన చేద్దామంటే మాటలు వరసగా రాలేదు. పదిన్నరకి పెద్దాయన కిటికీలోంచి చెయ్యూపాడు. విమానం ఆపాం, స్పానర్ దొరికింది, సెలవు రద్దు, వెంటనే రా. అంతే ఉంది అందులో.

"బతికాడా మీవాడు?" అన్నాడు.

"బతికాడండి" అన్నాను. కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన పక్క జనాన్ని కాస్త ఆగమన్నాడు.

విచారణ

స్పానర్ అయిదో నట్టు మీదే ఉందట, నేను పెట్టినట్టే. పైలట్ పంజాబీ కుర్రాడు, నా వయసే. నన్ను తిడతాడనుకున్నాను. స్పానర్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ అయిదో నట్టు ఇప్పుడైనా బిగించారా?" అని అడిగాడు. బిగించాం సార్ అన్నాను. మర్నాడు అదే విమానం ఎక్కాడు.

నాకు కఠినమైన శిక్షే పడింది గాని ఉద్యోగం మిగిలింది. బాషాని పంపించేశారు. మా ఆఫీసరు నెమ్మదైన మనిషి, అరవలేదు. "మర్చిపోయినవాడికి మళ్ళీ నేర్పుకోగలను. లేనిదాన్ని ఉన్నట్టు చూపించినవాడి సంతకాన్ని రేపు ఏ నమ్మకంతో చూడను?" అన్నాడు. ఆయన మాట సబబే. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో. కానీ నాది నిర్లక్ష్యం, బాషాది స్నేహం. శిక్షలు తారుమారయ్యాయని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

బాషా పెట్టె సర్దుకుంటుంటే పక్కన నిలబడ్డాను. "నేనే పంపాను, ఆ టెలిగ్రాం" అన్నాను. "తెలుసు" అన్నాడు. నా పలక మీద లెక్క నింపిన అతని స్పానర్‌ని తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. అది తన సొంతం, నందిగామ నుంచి తెచ్చుకున్నది. నా పెట్టెలో దాచాను. ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

ఖాళీ బొమ్మ

అరవైల చివర్లో మళ్ళీ సెలవు మీద వస్తూ నందిగామలో దిగాను. బాషా హైదరాబాద్ రోడ్డు పక్కన లారీల షెడ్డు పెట్టుకున్నాడని విన్నాను. వెళ్ళాలా వద్దా అని రోడ్డుకి ఈ పక్కనే చాలాసేపు తిరిగాను. చివరికి వెళ్ళాను.

లారీ కింద నుంచి బయటికొచ్చి నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను గోడవైపు చూశాను. మా దళంలో ఉన్నలాంటి చెక్క పలకే. ఎర్ర రంగుతో బొమ్మలు, ఏ బొమ్మ మీద ఆ పనిముట్టు. ఒక్కటి మాత్రం ఖాళీ. పది నంబరు.

పెట్టెలోంచి అతని స్పానర్ తీశాను. "ఇది నీదే బాషా" అని ఆ ఖాళీ బొమ్మ మీద తగిలించబోయాను. బాషా నా మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కడ పెట్టమాక."

"ఎందుకు? దాని జాగాయే కదా?"

"అది ఖాళీగానే ఉండాల. పనోళ్ళు ఎవరు కొత్తగా చేరినా ముందు అక్కడ నిలబెట్టి చూపిస్తా. ఖాళీ అయితే ఖాళీ అని చెప్పండ్రా, ఎవడి కోసమూ నింపమాకండి అంటా." స్పానర్ తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "నువ్వు ఆ టెలిగ్రాం ఇవ్వకుండా ఉంటే ఏంటని ఎన్నోసార్లు ఆలోచించా దేవా. నీ మీద కోపం రెండేళ్ళుంది. తర్వాత పోయింది. ఒక్కటే పోలా."

"ఏంటది?"

"మా ఇంట్లో కూర్చుని అన్నం తిని, మా నాన్నకి చెప్పకుండా పోయావు. మా నాన్న ఇప్పటికీ అడుగుతాడు, ఆ అబ్బాయి ఆ రోజు ఎందుకు సరిగ్గా తినలేదురా అని. నేను చెప్పలా. వచ్చి నువ్వే చెప్పు."

ఇద్దరం నడిచి వెళ్ళాం. మస్తాన్ మామకి అప్పటికి చూపు మందగించింది. గొంతు విని గుర్తుపట్టాడు. ఈసారి లేచి తిరగలేదు నేను. ఆయన ముందు నేల మీద కూర్చుని, నట్టు దగ్గర్నుంచి టెలిగ్రాం దాకా మొత్తం చెప్పాను. బాషా గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఆ విమానం నడిపే పిల్లోడు ఉన్నాడా?" అని అడిగాడు మామ.

"ఉన్నాడు మామా."

ఆయన లోపలికి తిరిగి, "అన్నం పెట్టవే, ఈ పూట తింటాడు" అన్నాడు.